వంతెన ముందా, వార్డు ముందా?

శ్రోతలకు నమస్కారం.

తిరుపతిలో టీ అంగడి దగ్గర నిలబడితే ఈ వాదన ఎప్పుడో ఒకప్పుడు చెవిన పడుతుంది. "ఊరంతా వంతెనలు, రోడ్లు కడతా ఉండారే, ఆ దుడ్డుతో రుయా సర్కారాసుపత్రిలో ఇంకో నాలుగు వార్డులు కట్టకూడదా?" అంటాడు ఒకాయన. "ఊరు బాగుంటేనే గదప్పా యాత్రికులు వచ్చేది, మనకు నాలుగు రాళ్ళు మిగిలేది" అంటాడు ఇంకొకాయన. ఇద్దరి మాటా తీసిపారేసేది కాదు.

అయితే సర్కారు డబ్బంతా ఒకే సంచిలో ఉండదు. శ్రీనివాస సేతువునే చూడండి. దాదాపు 7 కిలోమీటర్ల వంతెన, 600 కోట్ల పైచిలుకు ఖర్చు, 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. అందులో మూడింట రెండు వంతులు దేవస్థానానిది, మిగతాది స్మార్ట్ సిటీ పథకానిది. స్మార్ట్ సిటీ పద్దు లోంచి ఆసుపత్రి నర్సుకు జీతమివ్వడం కుదిరేది కాదు. రైల్వేస్టేషనుకు పెట్టే డబ్బు రైల్వేది. ఊరి అభివృద్ధికి ఏటా తన బడ్జెట్టులో ఒక శాతం ఇద్దామని 2023 అక్టోబరులో దేవస్థానం పాలకమండలి తీర్మానిస్తే, భక్తుల కానుకలు వీధి రోడ్లకా అని గొడవ లేచింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఇక మనం గట్టిగా అడగగలిగేది రాష్ట్ర బడ్జెట్టునే. ఆసుపత్రులు రాష్ట్రం బాధ్యత కదా.

అడిగేటప్పుడు ఏమడగాలి? ఇక్కడే నాకు ఆ మొదటి పెద్దమనిషితో పేచీ. కొత్త వార్డు కడితే రిబ్బను కత్తిరించవచ్చు, శిలాఫలకం వేయించవచ్చు. రాత్రి డ్యూటీ డాక్టరుకు శిలాఫలకం ఎవరు వేస్తారు? 2021 మే 10 రాత్రి రుయాలో జరిగింది మనమెవరం మరచిపోలేదు. మంచాలున్నాయి, గోడలున్నాయి, డాక్టర్లూ ఉన్నారు. తమిళనాడు నుంచి రావలసిన ఆక్సిజన్ ట్యాంకరు ఆలస్యమై, గొట్టాల్లో ఒత్తిడి పడిపోయింది. సర్కారు లెక్క ప్రకారమే 11 మంది పోయారు. ఆ రాత్రి కావలసింది ఇంకో భవనం కాదు.

పొద్దున్నే రుయా ఓపీ దగ్గరికి వెళ్ళి చూడండి. చీటీల వరసలో సగం మంది చేతుల్లో ప్లాస్టిక్ కవరు, అందులో వేరే ఊరి ఆసుపత్రి కాగితాలు ఉంటాయి. ఎందుకొచ్చారమ్మా అంటే ఒకటే మాట: "రెఫర్ చేసినారు." చెట్టు కింద చాపలేసుకుని, టిఫిన్ క్యారియర్ పక్కన పెట్టుకుని కూర్చున్నవాళ్ళంతా వాళ్ళ తాలూకు మనుషులే. చిత్తూరు జిల్లాను 2022 ఏప్రిల్‌లో విడగొట్టినా, జబ్బు చేస్తే దారి మాత్రం మారలేదు. పల్లెల వాళ్ళు తిరుపతికి, చిత్తూరు వాళ్ళు కొందరు రాయవేలూరుకి, కుప్పం వాళ్ళు బెంగుళూరుకి. కడుపుతో ఉన్న మనిషిని రాత్రిపూట అంత దూరం తీసుకుపోవడమంటే ఎంత దడో, వెంట పోయినవాళ్ళకు తెలుసు.

సిజేరియన్ చేయాలంటే ఆపరేషన్ చేసే డాక్టరు, మత్తు డాక్టరు, నర్సులు, నిల్వలో రక్తం కావాలి. అందులో ఒక్కటి లేకపోయినా 108 ఎక్కించాల్సిందే. అందుకే నా లెక్కలో, వచ్చే రూపాయి తిరుపతి వంతెనకూ వద్దు, తిరుపతి వార్డుకూ వద్దు. పలమనేరు, పుంగనూరు, సత్యవేడు, కుప్పం ఆసుపత్రుల్లో రాత్రిపూట మత్తు డాక్టరు ఉండేలా పెట్టండి. రుయా మీద బరువు తనంతట తానే తగ్గుతుంది. తిరుపతిలో ఉంటూ ఈ మాటనడం మా వీధిలో కొందరికి నచ్చదు, నచ్చకపోనీ.

ఊరి బాగు వద్దనడం లేదు. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు చెరువులయ్యాయి. నీళ్ళు నిలిచిన చోట దోమ, దోమ వెనకే డెంగీ. ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం మున్సిపాలిటీల పనుల్లో ఉన్నాయని 74వ రాజ్యాంగ సవరణే చెబుతోంది. కార్పొరేషను కూడలిలో రంగుల లైట్లు పెట్టే ముందు కాలువ పూడిక తీయిస్తే, అదీ వైద్యం ఖర్చు కిందికే వస్తుంది.

రాష్ట్రాలు తమ బడ్జెట్టులో 8 శాతానికి పైగా ఆరోగ్యానికి పెట్టాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. బడ్జెట్టు రోజున పేపర్లో ఆ ఒక్క లెక్క వెతకండి. మీ ఎమ్మెల్యే ఊరికొచ్చినప్పుడు కొత్త బిల్డింగు ఎప్పుడని అడగొద్దు. మన ఆసుపత్రిలో మంజూరైన డాక్టరు పోస్టులెన్ని, నిండినవెన్ని, మత్తు డాక్టరు ఏ రోజుల్లో వస్తారు అని అడగండి. జవాబు కాగితం మీద రాసిమ్మనండి.