చనిపోయినవాడి చొక్కాకి అంత ధరా? తెరచాప యుద్ధనౌకలో కుర్రాళ్ల బతుకు, చావు

[తెరపై: విక్టరీ ఓడ నిలువుకోత చిత్రం. కింది ఫిరంగుల డెక్ మీద వెలుగు]

వ్యాఖ్యానం: 1805 అక్టోబరు 21, ట్రఫాల్గర్ యుద్ధం. ఫ్రాన్స్, స్పెయిన్ నౌకలతో బ్రిటన్ చేసిన సముద్ర పోరు ఇది. బ్రిటిష్ నౌక విక్టరీలో దాదాపు 820 మంది ఉన్నారు. అంతమందిలో ఒక మామూలు నావికుడికి సొంతవాళ్లెవరంటే తన మెస్‌లోని ఆరుగురో ఎనిమిది మందో. మన హాస్టల్ మెస్‌ని ఊహించుకోకండి. ఇక్కడ మెస్ అంటే రెండు ఫిరంగుల మధ్య తాళ్లతో వేలాడదీసిన ఒక బల్ల.

[తెరపై: బల్ల, చెక్క పళ్లేలు]

వంతులవారీగా ఒకడు సరుకు తెచ్చేవాడు. ఉప్పుమాంసానికి మెస్ గుర్తుబిళ్ల కట్టి వంటశాలలో ఇచ్చి, ఉడికాక తీసుకొచ్చేవాడు. రోజుకి ఒక పౌండు బిస్కెట్, ఒక గ్యాలన్ బీరు. వారానికి నాలుగు పౌండ్ల గొడ్డుమాంసం, రెండు పౌండ్ల పందిమాంసం. కాగితం మీద లెక్క ఇది. 1797లో నావికులు తిరగబడేదాకా, సరుకు కొలిచే పర్సర్ (ఓడ సరుకుల అధికారి) పౌండు మాత్రం 16 ఔన్సులకు బదులు 14 ఔన్సులే తూగేది!

ముక్కల దగ్గర తగాదా రాకుండా ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒకడు వెనక్కి తిరిగి నిలబడతాడు. ఇంకొకడు ముక్క చూపించి "ఇది ఎవరికి?" అంటాడు. వెనక్కి తిరిగినవాడు ఎవరి పేరు చెబితే ఆ ముక్క వాడిదే. అయినా పొసగకపోతే, అనుమతి తీసుకుని నెల మొదట్లో మెస్ మారవచ్చు. ఇష్టపడి ఎంచుకున్న తోడు కాబట్టే ఆ బంధం అంత గట్టిగా ఉండేది.

పడుకోవడానికి మనిషికి ఇచ్చిన వెడల్పు 14 అంగుళాలు. సముద్రం మీద సగం మంది కాపలాలో ఉంటారు కాబట్టి అది 28 అయ్యేది.

[తెరపై: తుపాకిమందు మోసే కుర్రాడు]

ఓడలో 12, 13 ఏళ్ల పిల్లలూ ఉండేవారు, ఫిరంగులకు తుపాకిమందు మోసేవారు. 32 పౌండ్ల గుండు పేల్చే ఫిరంగికి నిండు మందు దాదాపు ఐదు కిలోలు. నిప్పురవ్వ పడితే మోసేవాడే పేలిపోతాడు, అందుకే మూత ఉన్న గొట్టంలో తెచ్చేవారు. గుండు తగలక్కర్లేదు, అది చీల్చిన చెక్కపేళ్లు చాలు ప్రాణం తీయడానికి. ఆ రోజు విక్టరీలో ఒకే ఒక్క గుండు ఎనిమిది మంది సైనికులను బలి తీసుకుంది. యుద్ధం మధ్యలో చనిపోయినవాళ్లను అప్పటికప్పుడే సముద్రంలోకి వదిలేశారు. అడ్డుగా ఉంటే ఫిరంగి పని ఆగిపోతుంది.

(ఇలాంటి పోరు మన విశాఖ తీరమూ చూసింది. 1804 సెప్టెంబరు 15న 50 ఫిరంగుల సెంచూరియన్ ఓడ మూడు ఫ్రెంచ్ నౌకలను ఎదుర్కొంది.)

అయితే ఫ్రాన్స్‌తో 1793 నుంచి 1815 దాకా సాగిన యుద్ధాల్లో శత్రువు చేతిలో పోయిన బ్రిటిష్ నావికులు మొత్తం మరణాల్లో పదోవంతు కూడా లేరు. ఎక్కువమందిని తీసుకెళ్లింది జ్వరాలు, స్కర్వీ (విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు), తెరచాప కొయ్యల మీంచి పడిపోవడం, ఓడ మునగడం.

[తెరపై: తెరచాప గుడ్డ, సూది]

జబ్బుతో పోయినవాడిని అతని పడకగుడ్డలోనే పెట్టి కుట్టేవారు. కాళ్ల దగ్గర రెండు ఫిరంగి గుండ్లు పెట్టేవారు, లేకపోతే శవం తేలుతుంది. ఆఖరి కుట్టు ముక్కులోంచి వేసేవారని నావికులు చెప్పుకునే మాట.

[తెరపై: ప్రధాన స్తంభం దగ్గర వేలం]

తర్వాత బట్టల వేలం. పాత చొక్కా, చిరిగిన లాగు, అన్నీ స్తంభం దగ్గరే. తోటివాళ్లు వాటి అసలు విలువకు మించి పాడేవారు. చేతిలో డబ్బు ఉండదు కాబట్టి, ఓడ పద్దులో "చనిపోయినవారి బట్టలు" అనే గడిలో రాసి జీతంలోంచి కోసుకునేవారు. ఆ సొమ్ము చనిపోయినవాడి ఇంటికి చేరాలి.

అంత ఎక్కువ పాడటానికి అసలు కారణం ఇక్కడుంది. ఓడ పద్దులో లేని మనుషుల పేర్లు కొన్ని రాసి, వాళ్ల జీతాన్ని వితంతువుల నిధికి మళ్లించే ఏర్పాటు ఒకటి ఉండేది. ఆ నిధి ఆఫీసర్ల భార్యలకే. మామూలు కుర్రాడు జబ్బుతో పోతే అతని తల్లికి దక్కేది ప్రధానంగా బాకీ ఉన్న జీతం, ఈ వేలం డబ్బు.