గోనెసంచిలో రెండు పాత టైర్లు

(బెంగళూరు మారతహళ్లిలో తెలుగు రైడర్ల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మామూలుగా ఆదివారం ఈ టైమ్‌కి నంది కొండ దిగి ఇడ్లీలు తింటూ ఉంటారు. అది వదులుకొని వచ్చారు, సంతోషం. ఈ గోనెసంచిలో ఏముందా అని ఇందాకటి నుంచి చూస్తున్నారు కదా. రెండు పాత టైర్లు. రెండూ నా ఇంటర్‌సెప్టర్ 650 బైకు వెనక చక్రానికి వాడినవే. వీటిని బాల్కనీలో దాచినందుకు మా ఇంట్లో నేను తిన్న చీవాట్లు వేరే కథ.

ముందు వరసలో ఉన్న తమ్ముడూ, ఈ మొదటిది పట్టుకో. నడుమ అరచెయ్యి పెట్టి మెల్లగా అంచు వైపు జరుపు. ఒకచోట వేళ్లకు మెట్టులా తగిలిందా? తగిలింది. ఇప్పుడు రెండోది చూడు. ఇదీ అరిగిందే, కానీ చెయ్యి గుమ్మడికాయ మీద జారినట్టు జారిపోతుంది. మొదటిది 8,000 కిలోమీటర్లు తిరిగింది, రెండోది 14,000. కంపెనీల పేర్లు చెప్పను. చెబితే మీరు పేరు రాసుకొని మిగతాదంతా వదిలేస్తారు, నాకు తెలుసు.

టైర్ల మధ్య పోలిక అనగానే మనం కొత్తవాటినే పోలుస్తాం. కొత్త టైరు ఏదైనా ముద్దొస్తుంది. మార్చిన మర్నాడు ఎవరినడిగినా "సూపర్ గ్రిప్ అన్నా" అనే అంటారు. మొన్నటిదాకా బోడి టైరు మీద తిరిగినవాడికి ఏది వేసినా సూపరే. నేనైతే సగం అరిగాక ఎలా ఉందో చెప్పమంటాను. ఎవరి టైరు గురించి విన్నా నా మొదటి ప్రశ్న అదే.

ఇక్కడున్నవాళ్లలో చాలామంది పండక్కి ఊరికి పోయేది ఎన్‌హెచ్ 44 మీదే. దేవనహళ్లి, చిక్కబళ్లాపుర, పెనుకొండ, అనంతపురం, గుత్తి, కర్నూలు. హైదరాబాదు దాకా దాదాపు 570 కిలోమీటర్లు. ఇంత దూరంలో బండి వాలేది ఎక్కడ? టోల్ గేటు పక్క సందులోకి తిరిగేటప్పుడు, అంతే! మిగతా దారంతా టైరు నడుమ భాగమే రోడ్డుకు రాసుకుంటుంది. నడుమ అరిగి బల్లపరుపు అవుతుంది, పక్కలు కొత్తగానే ఉంటాయి. ఆ రెండూ కలిసేచోటే ఇందాక తమ్ముడి వేళ్లకు తగిలిన మెట్టు.

ఆ మెట్టు ఏం చేస్తుందో నాకు శ్రీశైలం ఘాట్‌లో తెలిసింది. కర్నూలు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా వెళ్తున్నాం, వెనక మా ఆవిడ, రెండు బ్యాగులు. మలుపులో బండి వాల్చబోతే ముందు మొరాయించింది. ఇంకాస్త వాల్చేసరికి మెట్టు దాటి ఒక్కసారిగా లోపలికి పడింది. గుండె జారింది. వెనక నుంచి "మెల్లగా పోవచ్చు కదా" అని వినబడింది. నిజానికి మెల్లగానే పోతున్నాను. నిటారుగా పోయినంతసేపు కనబడని లోపం అది. హైవే మీద తిరిగి తిరిగి వచ్చిన టైరు ఘాట్ ఎక్కగానే బయటపడుతుంది.

అందుకే టూరింగ్ టైర్లలో, అంటే దూర ప్రయాణాల కోసం చేసినవాటిలో, చాలావాటికి నడుమ గట్టి రబ్బరు, పక్కలకు మెత్తటి రబ్బరు వేస్తారు. నడుమ త్వరగా అరగదు, వాలినప్పుడు పక్కలు రోడ్డును పట్టుకుంటాయి. రెండో టైరు ఆ రకమే. మొదటిది మొత్తం మెత్తటిది. దానితో వారం వారం నంది మలుపులు తిరిగేవాడికి నేను ఏ వంకా పెట్టను. తప్పు టైరుది కాదు, దాన్ని తీసుకెళ్లి గుత్తి రోడ్డు మీద అరగదీసిన నాది.

ఇక టైరు పక్కన రాసి ఉండేవి. నా దాని మీద 130/70 ఆర్18 63హెచ్ అని ఉంది. వెడల్పు 130 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 70 శాతం, 18 అంగుళాల రిమ్ము. ఇంతవరకు అందరూ చూస్తారు. 63 అంటే ఆ టైరు మోయగల బరువు 272 కిలోలు. హెచ్ అంటే గంటకు 210 వేగం. మనం 210లో పోం కాబట్టి ఆ అక్షరంతో పనిలేదు అనుకోకండి. టైరును చంపేది వేడి. వేగం, బరువు, తక్కువ గాలి కలిస్తే పుట్టేదీ వేడే. మే నెల మధ్యాహ్నం కర్నూలు దగ్గర ఇద్దరు మనుషులు, నిండు బ్యాగులతో పోతుంటే ఆ 63, ఆ హెచ్ రెండూ పనికొస్తాయి. డబ్బు మిగులుతుందని బండి కంపెనీ చెప్పినదానికంటే తక్కువ నంబరు వేయించుకోవద్దు.

ఆర్ అంటే రేడియల్, అంటే లోపలి దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకు నేరుగా పోతాయి. ఆ చోట చిన్న గీత ఉంటే బయాస్, అంటే లోపలి దారాల పొరలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి అడ్డంగా పోతాయి. గోడ గట్టిగా ఉంటుంది, బరువు మోస్తుంది, కానీ పొరలు రాసుకొని ఎక్కువ వేడెక్కుతుంది. ముందొకటి వెనకొకటి వేసుకోవచ్చా అంటే, బండి కంపెనీ ఒప్పుకుంటే తప్ప వద్దు.

దేశీయా విదేశీయా అనే గొడవ మీద నాకు ఆసక్తి లేదు. ఎంఆర్ఎఫ్ 1946లో మద్రాసు తిరువొత్తియూరులో బొమ్మ బెలూన్లతో మొదలైంది. ఇవాళ మన సదాశివపేటలోనూ దాని ఫ్యాక్టరీ ఉంది. అపోలో ఫ్యాక్టరీ చినపాండూరులో, టీవీఎస్ వాళ్ల టైర్లు మదురైలో. ఊరి పేరు చూసి కాదు, తేదీ చూసి కొనండి.

తేదీ అంటే గుర్తొచ్చింది. 2022లో ఒక షాపులో మంచి డిస్కౌంట్ అని టైరు వేయించుకున్నాను. పేరు అనవసరం. మెరిసిపోతోంది, రబ్బరు వాసన కూడా బాగుంది. రెండు వారాల తర్వాత తొలి వాన పడింది. హెబ్బాళ ఫ్లైఓవర్ మీద తెల్లగీత దాటుతుంటే వెనక చక్రం పక్కకు జారింది. పడలేదు, కానీ కాళ్లు వణికాయి. ఇంటికొచ్చి టార్చ్ వేసి చూస్తే డీఓటీ అని ఉన్న వరస చివర 2318 అని ఉంది. అంటే 2018లో 23వ వారం తయారైంది. నాలుగేళ్లు ఎక్కడో మూల పడి ఉంది. గోరుతో నొక్కితే దిగలేదు, రబ్బరు గట్టిపడిపోయింది. షాపువాడిని అడిగితే "వాడలేదు కద సార్, కొత్తదే" అన్నాడు. వాడి లెక్కలో కరెక్టే.

బెంగళూరులో తొలి వానకు రోడ్డు మీది నూనె, దుమ్ము తేలి సబ్బునీళ్లలా అవుతుంది. సిలికా కలిపిన రబ్బరు తడిలో బాగా పట్టుకుంటుంది, గాడులు నీళ్లను పక్కకు తోస్తాయి. చట్టం ప్రకారం టూవీలర్ టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్లు ఉంటే చాలు. నేను 2 దగ్గరే మార్చేస్తాను. మా మెకానిక్ నవ్వుతాడు, నవ్వనీ.

ఖర్చు లెక్క చిన్నది. మొదటిదానికి నేను పెట్టింది 8,000, కిలోమీటరుకు రూపాయి. రెండోది 10,500, కిలోమీటరుకు 75 పైసలు. ఎక్కువ ధర పెట్టిందే చవక పడింది. అలాగని 20,000 కిలోమీటర్లు నడిచే రాయిలాంటి టైరు వెతకొద్దు, వానలో అది ఏం చేస్తుందో ఇందాకే చెప్పాను.

చివరగా గాలి. "ఈ టైరు బాలేదు" అని నా దగ్గరకొచ్చిన స్నేహితుల్లో సగం మందికి గాలి సరిచేస్తే తగాదా తీరింది. పొద్దున బండి కదలకముందే చూడండి. యాభై కిలోమీటర్లు పోయాక చూస్తే వేడికి గాలి ఒత్తిడి మూడు నాలుగు పీఎస్ఐ పెరిగి ఉంటుంది, పీఎస్ఐ అంటే ఆ ఒత్తిడి కొలత. అది చూసి గాలి తీసేస్తే అసలుకే తగ్గుతుంది. వెనక మనిషి ఎక్కితే మాన్యువల్‌లో వేరే అంకె ఉంటుంది, అది చూసి కొట్టించండి. బంకులో మీటరును నమ్మను, జేబులో నా గేజు ఉంటుంది.

ప్రశ్నలు ఇక్కడ కాదు, కింద పార్కింగ్‌లో. అందరూ ఫోన్ టార్చ్ వేసి మీ మీ టైర్ల మీద ఆ తయారీ తేదీ నాలుగంకెలు వెతకండి. కొన్నింటికి ఒక పక్కే ఉంటుంది, వంగి అటు కూడా చూడాలి. నా బండితోనే మొదలుపెడదాం. ముందు టైరు నంబరు చూసి నన్ను తిట్టొద్దు, దీపావళికి మారుస్తానని ఇంట్లో ఒప్పుకున్నాను.