పిల్లల ఊబకాయం: కలిగినింటి నుంచి లేనింటికి

అందరికీ నమస్కారం.

పిల్లల ఊబకాయం అనగానే మనకు కలిగినింటి బిడ్డే కళ్ళ ముందు మెదులుతాడు. మన దగ్గర అది ఇప్పటికీ చాలావరకు నిజమే. ఇంగ్లండులో మాత్రం వ్యవహారం తలకిందులు. అక్కడ ప్రభుత్వ నిధులతో నడిచే బడుల్లో ఏటా 4–5 ఏళ్ళ పిల్లలకూ 10–11 ఏళ్ళ పిల్లలకూ ఎత్తు, బరువు కొలుస్తారు. 2022–23 లెక్కల ప్రకారం 10–11 ఏళ్ళవారిలో, బాగా పేద ప్రాంతాల పిల్లల్లో 30.2 శాతం మందికి ఊబకాయం ఉంది. బాగా సంపన్న ప్రాంతాల్లో అది 13.1 శాతమే.

తిండి గింజలే కరువైన చోట డబ్బున్నవాళ్ళ పిల్లలు ఒళ్ళు చేస్తారు. చక్కెర, నూనె, మైదా పాలకన్నా పండ్లకన్నా చవకైన చోట లేనివాళ్ళ పిల్లలు లావెక్కుతారు. అక్కడ డబ్బుతో కొనేది పండ్లు, ఆటస్థలం, ఇంట్లో వండే తీరిక. మనం ఇప్పుడు మొదటి దశ నుంచి రెండో దశకు నడుస్తున్నాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్ళలోపు పిల్లల్లో అధిక బరువు 2015–16లో 2.1 శాతం, 2019–21లో 3.4 శాతం. అంకె చిన్నదే, కానీ పోతున్న దారి గమనించండి.

ఆ దారిలో పెద్ద మలుపు అయిదు, పది రూపాయల ప్యాకెట్టు. తెల్లవారకముందే పనికి వెళ్ళే తల్లి పిల్లాడి చేతిలో పది రూపాయలు పెడుతుంది. ఆ డబ్బుకు అరటిపండు ఒకటో రెండో వస్తాయి. చిప్సు ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి, పాడవవు, కడుపు నిండినట్టూ ఉంటుంది. ఇందులో తల్లిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఇక కూల్‌డ్రింకు లెక్క చూద్దాం. వంద మిల్లీలీటర్లకు సుమారు 11 గ్రాముల చక్కెర ఉంటే, 250 మి.లీ. సీసాలో 27 గ్రాముల పైనే, అంటే దాదాపు ఏడు చెంచాలు. రోజుకు 1500 కేలరీలు కావలసిన పిల్లకు, కేలరీల్లో 10 శాతానికి మించి చక్కెర నుంచి రాకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 37 గ్రాముల చక్కెర. అదే సంస్థ మేలని చెప్పే 5 శాతం హద్దులో 19 గ్రాములే. ఒక్క సీసాతో ఆ రెండో హద్దు దాటిపోయింది.

డబ్బు ఒకటైతే హోదా ఇంకొకటి. మన ఇళ్ళలో ‘ఒళ్ళు చేశాడు’ అనేది మెచ్చుకోలు, ‘చిక్కిపోయాడు’ అనేది కోడలి మీద ఫిర్యాదు. అందుకే నానమ్మ కొసరి కొసరి వడ్డిస్తుంది. పేరున్న బడి అంటే వ్యానులో రాకపోకలు, ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, సాయంత్రం ట్యూషను. ఆటకు మిగిలే గంట ఏదీ? రోజుకు కనీసం 60 నిమిషాలు ఒళ్ళు అలిసేలా ఆడాలన్నది 5–17 ఏళ్ళవారికి అంతర్జాతీయ ప్రమాణం.

బడిలో కొలిచే ఉపాధ్యాయులకు, నర్సులకు ఒక మాట. బరువును చూసి తీర్పు చెప్పకండి. పదేళ్ళ అబ్బాయి 124 సెం.మీ. ఎత్తు, 30 కిలోలు ఉన్నాడనుకోండి. ఆ వయసుకు ఆ బరువు మామూలుగానే ఉంటుంది. కానీ బీఎంఐ, అంటే కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేది, 19.5. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల్లో పదేళ్ళ అబ్బాయికి 18.5 దాటితే అధిక బరువు, 21.4 దాటితే ఊబకాయం. చిన్నప్పుడు తిండి చాలక ఎదుగుదల ఆగి, తర్వాత చవక కేలరీలు దొరికిన పేదింటి బిడ్డ సరిగ్గా ఇలాగే కనిపించకుండా పోతాడు. నన్నడిగితే మన సర్వేల్లో ఎక్కువగా వెతకాల్సింది ఈ పిల్లల్నే.

కొలతలో తప్పు తేలిగ్గా దొర్లుతుంది. చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి, చూపు నేరుగా ఉంచి, 0.1 సెం.మీ. వరకు చదవాలి. జడ, రిబ్బను, క్లిప్పు తీయించకపోతే రెండు సెంటీమీటర్లు కలుస్తాయి. 140 సెం.మీ., 42 కిలోలకు బీఎంఐ 21.4. అదే 142 అని రాస్తే 20.8కి పడిపోతుంది, హద్దు దగ్గరి బిడ్డ లెక్కలోంచి జారిపోతాడు. బరువు తూచే యంత్రాన్ని చదునైన గట్టి నేల మీదే పెట్టాలి. బడిలో చేర్చేటప్పుడు వీలుకోసం రాయించిన పుట్టినతేదీలు కూడా వయసును బట్టి మారే ఈ హద్దుల్ని తారుమారు చేస్తాయి, తల్లిని అడిగి సరిచూడాలి.

కుటుంబ సంపద సంగతీ అంతే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆదాయం అడగరు. గోడలు, మరుగుదొడ్డి, ఫ్రిజ్, బండి చూసి సూచీ కట్టి జనాన్ని అయిదు సమాన భాగాలు చేస్తారు. దేశం మొత్తానికి కట్టిన ఆ భాగాల్ని ఒక రాష్ట్రానికి అలాగే వాడితే పేదల గుంపు తప్పుగా తేలుతుంది. రాష్ట్రానికి వేరుగా కట్టుకోవాలి.

చివరగా పన్ను. బ్రిటన్ 2018 ఏప్రిల్ నుంచి శీతల పానీయాల మీద చక్కెరను బట్టి పన్ను వేసింది. వంద మి.లీ.కి 5 గ్రాములకు తక్కువుంటే పన్ను లేదు, 8 గాని అంతకు మించి గాని ఉంటే ఎక్కువ రేటు. దాంతో చాలా కంపెనీలు చక్కెరే తగ్గించాయి. మన దగ్గర 2025 సెప్టెంబరు 22 నుంచి గ్యాసు పానీయాలకు 40 శాతం జీఎస్టీ, చక్కెర ఎంతున్నా అదే. తగ్గించినవాడికి లాభమేమీ లేదు. అదే రోజు బిస్కెట్లు, నమ్కీన్ 5 శాతానికి దిగాయి, అంటే అదే ధరకు ప్యాకెట్టులో ఇంకా ఎక్కువ రావచ్చు. పది రూపాయల ప్యాకెట్టు ఇకమీదట ఎంత బరువు తూగుతుందో తూచి రాసుకోవడం మీ మీ ఊళ్ళలో ఈ నెల నుంచే మొదలుపెట్టవచ్చు.