పేషెంట్ తాలూకు ఎవరు?

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే చదివారు, నేను మళ్ళీ చదవను. నర్సుల దినోత్సవం కదా, నైటింగేల్ గురించి నాలుగు మాటలు చెప్పమని ప్రిన్సిపాల్ గారు పిలిచారు. ఆవిడ సంగతి మీ పుస్తకాల్లో ఉంది. రిటైరైన దాన్ని, నా గోల నేను చెప్పుకుంటాను.

ఒక ప్రభుత్వాసుపత్రి, పేరెందుకు. నాది నైట్ డ్యూటీ. అపెండిక్స్ పగిలి ఒక ట్రాన్స్‌జెండర్ అమ్మాయి వచ్చింది. కడుపు చెక్కలా బిగుసుకుపోయింది. మేల్ వార్డా, ఫిమేల్ వార్డా అని రెండు వార్డులూ ఫోన్లలో వాదించుకుంటుంటే స్ట్రెచర్ లిఫ్ట్ దగ్గరే ఉండిపోయింది. ఎలాగో ఒక సైడ్ రూములో వేశాం. అసలు తగాదా అప్పుడు మొదలైంది. సంతకం ఎవరు పెట్టాలి?

వెంట వచ్చింది వాళ్ల గురువు, అంటే ఆ అమ్మాయిని చేరదీసిన హిజ్రా పెద్ద, అరవై దాటిన మనిషి. "రక్తసంబంధీకులు రావాలి" అన్నాడు డ్యూటీ డాక్టర్. ఇంటికి ఫోన్ చేయించారు. అన్న ఎత్తాడు. "మాకు అట్లాంటోళ్లెవరూ లేరు" అని పెట్టేశాడు. ఆ పెద్దావిడ కొంగు ముడి విప్పి, నలిగిన నోట్లన్నీ నా బల్ల మీద పెట్టి, "తండ్రి పేరు కాడ నా పేరే రాయమ్మా, అన్నం పెట్టింది నేనే" అంది.

పిల్లలూ, ఫోన్లు పక్కన పెట్టి ఇది రాసుకోండి. పద్దెనిమిదేళ్లు నిండి, స్పృహలో ఉన్న మనిషి తన ఆపరేషన్‌కి తానే సంతకం పెట్టుకోవచ్చు. అది చాలు. చుట్టాల సంతకం అడగడం మన ఆసుపత్రుల అలవాటు, చట్టం కాదు. ఆ రాత్రి సర్జన్ గారు వచ్చి కేకలేసి, ఆ అమ్మాయితోనే సంతకం పెట్టించారు కాబట్టి బతికింది.

చట్టాలకేం, బోలెడున్నాయి. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద తీర్పు ఇచ్చింది, నాల్సా తీర్పు అంటారు, ఆసుపత్రుల్లో వీళ్లకి సరైన వైద్యం అందాలంది. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టమూ అదే అంది. హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో 2022లో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు ఉద్యోగంలో చేరారు, సంతోషమే. అక్కడే నారాయణగూడలో 2021లో ట్రాన్స్‌జెండర్ల కోసం మిత్ర్ క్లినిక్ అని పెట్టారు. నడిపినవాళ్లలో చాలామంది ట్రాన్స్‌జెండర్లే. పేషెంటుకి కౌంటర్ దగ్గర తల దించుకునే పని ఉండేది కాదు. 2025 జనవరిలో అమెరికా నిధులు ఆపితే అది మూతపడింది. మనవాళ్ల వైద్యం ఎక్కడో వాషింగ్టన్ చేతిలో ఉండటమేమిటండీ? సరే, ఆ కోపం ఇంకో సభలో.

సంతకం దగ్గరికే వస్తాను. ఇద్దరు ఆడవాళ్లు కలిసి కాపురం చేస్తుంటారు, ఇద్దరు మగవాళ్లు ఉంటారు. ఒకరు ఐసీయూలో పడితే రెండోవాళ్లని సెక్యూరిటీ గార్డు గేటు దాటనివ్వడు. దగ్గరి బంధువులు లేనప్పుడు శవాన్ని తోడుగా బతికినవాళ్లకి ఇవ్వచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ 2024 ఆగస్టులో రాష్ట్రాలకి లేఖ రాసింది. మంచిదే. మరి బతికుండగా పక్కన కూర్చోనివ్వడానికి కూడా ఢిల్లీ నుంచి లేఖ రావాలా? రాత్రి డ్యూటీలో ఉండేది మీరే కదమ్మా!

చీటీ చూశాను ప్రిన్సిపాల్ గారూ, ముగిస్తున్నా. కేస్ షీట్ రాయడం నేర్పేటప్పుడు, అటెండెంట్‌తో సంబంధం అన్న గడిలో 'గురువు', 'స్నేహితురాలు' అని రాయడం కూడా నేర్పించండి. ఈ ఊరి హిజ్రా పెద్దల్ని ఒక క్లాసుకి పిలవండి. వాళ్ల ఆటో ఖర్చు నాది. తేదీ ఎప్పుడో మాత్రం ఈరోజే చెప్పండి.