ఊపు పోకూడదు: మిర్రర్స్ ఎడ్జ్ కేటలిస్ట్ కోసం ఏడున్నరేళ్ళ ఎదురుచూపు

[తెర నల్లగా ఉంటుంది. పరిగెడుతున్న అడుగుల చప్పుడు. దాంతోపాటే ఊపిరి.]

ముందు ఈ చప్పుడు వినండి. కాసేపు నేనేం మాట్లాడను.

[అడుగులు వేగం పుంజుకుంటాయి. గాలి హోరు. ఒక్కసారిగా అడుగులు ఆగిపోతాయి. గాలి ఒక్కటే. మళ్ళీ అడుగులు.]

మధ్యలో అడుగులు వినపడని ఆ ఒక్క క్షణం ఉంది చూశారా, అప్పుడు ఆ అమ్మాయి రెండు మేడల మధ్య గాల్లో ఉంది. కింద రోడ్డు మీద కార్లు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. అవతలి పిట్టగోడ అందుతుందో లేదో తనకి తెలీదు, మనకీ తెలీదు. ఇన్నాళ్ళూ నేను ఎదురుచూస్తున్నది ఆ క్షణం కోసమే.

[తెర మీద: తెల్లటి మేడలు, నీలం ఆకాశం, ఎర్రటి పైపు.]

నమస్తే. ఇది 2016 మే ఆఖరి వారం. జూన్ 7న అమెరికాలో, 9న యూరప్‌లో మిర్రర్స్ ఎడ్జ్ కేటలిస్ట్ అనే వీడియో గేమ్ విడుదలవుతోంది. పీసీ, ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్, మూడింటి మీదా వస్తోంది. మొదటి గేమ్ వచ్చింది 2008 నవంబర్‌లో. అంటే ఏడున్నరేళ్ళు. మన పెద్దవాళ్ళ లెక్కలో ఏలినాటి శని పట్టి వదిలేంత కాలం. అంత ఎక్కువేం అమ్ముడుపోని ఒక గేమ్ కోసం జనం ఇన్నేళ్ళు ఎందుకు ఆగారో ఈ వీడియోలో చెప్తాను. కథ జోలికి పెద్దగా వెళ్ళను. అసలు సంగతి కథలో లేదు, పరుగులో ఉంది.

మామూలు ఫస్ట్ పర్సన్ గేమ్ ఒకటి తీసుకోండి. అందులో మీరెవరు? ఒక తుపాకీ, దాని వెనకాల గాల్లో తేలే కెమెరా. అంతే. తల వంచి చూసుకుంటే చాలా గేముల్లో కాళ్ళు కూడా ఉండవు. గోడకి గుద్దుకుంటే కెమెరా ఆగిపోతుంది, నొప్పి మాత్రం తెలీదు. ఆ కెమెరాకి బరువుండదు, ఊపిరుండదు.

స్వీడన్‌లో స్టాక్‌హోమ్ నగరంలో డైస్ అనే స్టూడియో ఉంది. బాటిల్‌ఫీల్డ్ యుద్ధం గేములు చేసేది వాళ్ళే. తుపాకీ గేములు చేసీ చేసీ చేయి తిరిగినవాళ్ళు, ఆ తుపాకీని పక్కన పెట్టి, కెమెరాకి ఒక ఒళ్ళు ఇస్తే ఎలా ఉంటుందని అడిగారు. ఆ ఒంటి పేరు ఫెయిత్ కానర్స్. ప్రభుత్వం అందరి ఫోన్లూ మెయిళ్ళూ గమనించే నగరంలో, మేడల మీదుగా పరిగెత్తి సందేశాలు చేరవేసే మనిషి. వాళ్ళని రన్నర్లు అంటారు.

[తెర మీద: ఫెయిత్ కళ్ళలోంచి. నెమ్మదిగా కిందికి చూపు. వేళ్ళు చీలినట్టుండే ఎర్ర బూట్లు.]

ఈ గేమ్‌లో పరుగు ఎలా మొదలవుతుందో దగ్గరగా చూద్దాం. బటన్ నొక్కగానే ఫెయిత్ పూర్తి వేగం అందుకోదు. మొదటి నాలుగడుగులు బరువుగా పడతాయి. తర్వాత చేతులు తెర అంచుల్లో ఆడటం మొదలెడతాయి. ఊపిరి జోరవుతుంది. కాసేపటికి చుట్టుపక్కలంతా కాస్త మసకేసి, ఎదురుగా ఉన్నది ఒక్కటే స్పష్టంగా కనపడుతుంది. ఇప్పుడు ఊపు మీదున్నారన్నమాట. ఇక్కడ ఒక కంచె అడ్డొచ్చి తడబడ్డారంటే ఊపు మొత్తం పోతుంది. మళ్ళీ ఆ నాలుగు బరువు అడుగుల నుంచి మొదలుపెట్టాలి.

అందుకే ఈ గేమ్‌లో ఆరోగ్యం, తూటాల కన్నా విలువైనది ఊపు. దాన్ని చూపించే మీటర్ తెర మీద ఎక్కడా ఉండదు. మీ చెవులకి తెలుస్తుంది, మీ వేళ్ళకి తెలుస్తుంది.

కంట్రోలర్ మీద చేసిన ఏర్పాటు కూడా అంత తేలికైనదే. ప్లేస్టేషన్‌లో ఎడమ చూపుడు వేలి కింద రెండు బటన్లు. పైది పైకి, కిందది కిందికి. గెంతడం, గోడ ఎక్కడం, గోడ వెంట పరిగెత్తడం, కంచె మీద నుంచి దాటడం, అన్నీ పై బటనే. జారడం, వంగడం, పల్టీ కొట్టడం కింద బటన్. దేన్ని దాటుతున్నారో, ఎంత ఊపులో ఉన్నారో చూసుకుని ఏ కదలిక రావాలో గేమ్ తేలుస్తుంది. ఎప్పుడు అన్నది మాత్రం మీరే తేల్చాలి.

[తెర మీద: నెమ్మదించిన దృశ్యం. గోడ, వెనక్కి తిరగడం, గెంతు.]

ఇది చూడండి. ఎదురుగా గోడ ఉంది, పైన అంచు అందదు. వెనకాల కాస్త ఎత్తులో ఒక పైపు ఉంది. గోడ మీదికి పరిగెత్తుతుంది, రెండడుగులు పైకి వేస్తుంది. అక్కడ ఇంకో బటన్‌తో వెనక్కి తిరగాలి. ఆ అర క్షణం ఆమె గోడకి ఆనుకుని గాల్లోనే ఉంటుంది. పడిపోయే లోపు గెంతు నొక్కాలి. నొక్కితే రెండు చేతులూ చాచి పైపుని పట్టుకుంటుంది. మూడు నొక్కులు, అంతే. నాకు మొదటిసారి కుదరడానికి ఇరవై సార్లు పట్టింది. కుదిరిన రోజు కంట్రోలర్ పక్కన పెట్టి కాసేపు చేతులు చూసుకున్నాను.

ఎత్తు నుంచి దూకినప్పుడూ అంతే. నేల తగిలే ముందు కింద బటన్ నొక్కితే పల్టీ కొట్టి అదే ఊపులో లేచి పరిగెడుతుంది. ఆలస్యమైతే మోకాళ్ళ మీద కూలబడి, అరచేతులు నేలకి ఆనించి మూలుగుతుంది. మరీ ఎత్తు నుంచి జారితే గాలి హోరు పెరిగి, చూపు మసకబారి, చివర్లో వినిపించే ఆ చప్పుడు... దాన్ని ఈ వీడియోలో వేయడం లేదు. ఆడినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది.

దీని వెనక ఉన్న కష్టం ఒకటి చెప్పాలి. మన కళ్ళు "నువ్వు పరిగెడుతున్నావ్, పల్టీ కొడుతున్నావ్" అంటాయి. లోపలి చెవిలో మన తూకం చూసుకునే భాగం "లేదు, కుర్చీలో కూర్చున్నావ్" అంటుంది. ఈ రెండూ పొసగకపోతే కళ్ళు తిరుగుతాయి, వాంతి వచ్చినట్టవుతుంది. ఘాట్ రోడ్డు మీద బస్సులో పుస్తకం చదివితే జరిగే దానికి ఇది తిరగేసిన రూపం. అక్కడ చెవికి కదలిక తెలుస్తుంది, కళ్ళకి తెలీదు. మరి తల మొగ్గలు వేసే గేమ్‌ని జనం ఎలా ఆడతారు? డైస్ వాళ్ళు తెర నడిమధ్యలో ఒక చిన్న చుక్క పెట్టారు. అది గురిపెట్టడానికి కాదు. చూపు నిలుపుకోవడానికి. నాట్యంలో గిరగిరా తిరిగేవాళ్ళు ఒకే చోట చూపు నిలుపుకుంటారు కదా, అలాంటిదే.

ఇంకో విశేషం. ఈ గేమ్‌ని మార్చి కెమెరాని ఫెయిత్ వెనక్కి జరిపి చూసినవాళ్ళున్నారు. బయటి నుంచి చూస్తే ఆ పరుగు వింతగా, చేతులూ కాళ్ళూ వంకరపోయినట్టు ఉంటుంది. ఎందుకంటే ఆ కదలికలన్నీ లోపలి నుంచి చూసే కళ్ళకి సరిపోయేలా చేసినవి. బయట అందం కోసం ఒక్క అడుగూ వేయలేదు. నాకైతే ఈ గేమ్ మీద గౌరవం పెరిగింది అక్కడే.

[తెర మీద: తెల్లటి డాబాలు. దూరంగా ఎర్రబారుతున్న తలుపు.]

ఇక రంగులు. 2008లో చాలా గేములు బూడిద రంగులో, మట్టి రంగులో ఉండేవి. ఇక్కడ నగరమంతా సున్నం వేసినంత తెలుపు, మధ్యలో నారింజ, నీలం, పసుపు. పరుగు వేగంలో దారి వెతుక్కునే తీరిక ఉండదు కాబట్టి, పనికొచ్చే పైపు, తలుపు, పలక మీరు దగ్గరికి రాగానే ఎర్రగా మారతాయి. దీని పేరు రన్నర్ విజన్. ఆ తెలుపు అంత సహజంగా ఉండటానికి కారణం వెలుగు. ఎర్ర గోడ పక్కన తెల్ల నేల ఉంటే, నేల మీద కొంచెం ఎరుపు పడుతుంది. మన వీధిలో మధ్యాహ్నం ఎండలో చూసినా కనపడుతుంది. బీస్ట్ అనే స్వీడన్ సాఫ్ట్‌వేర్‌తో ఆ వెలుగునంతా ముందే లెక్కగట్టి గోడల మీద అద్దేశారు. అందుకే ఇవాళ పెట్టి చూసినా ఆ నగరం పాతబడినట్టు ఉండదు.

గోడలు, కంచెలు దాటుకుంటూ ఇలా ఆగకుండా పరిగెత్తే విద్యని పార్కూర్ అంటారు. ఇదంతా చూసి అసలు ఈ పార్కూర్ ఎక్కడిదని అడుగుతారు. పారిస్‌కి దక్షిణాన లీస్ అనే చిన్న ఊరుంది. అక్కడ డేవిడ్ బెల్ అనే కుర్రాడు, అతని స్నేహితులు మెట్లు, రెయిలింగులు, గోడల మీద సాధన చేశారు. డేవిడ్ తండ్రి రేమండ్ బెల్ వియత్నాంలో పుట్టి, పారిస్ అగ్నిమాపక దళంలో పనిచేసిన మనిషి. సైనికుల అడ్డంకుల శిక్షణని ఫ్రెంచివాళ్ళు పార్కూర్ ద్యు కోంబాతాఁ అంటారు. పేరు వచ్చింది అందులోంచే. దాని మూలం ఫ్రెంచి నౌకాదళ అధికారి జార్జ్ ఎబెర్ వ్యాయామ పద్ధతి. అంటే ఇది పుట్టింది విన్యాసాల ప్రదర్శన కోసం కాదు. ఇక్కడి నుంచి అక్కడికి, ఆగకుండా, ఉన్న ఒంటితో చేరుకోవడం కోసం. మనలో కోతి కొమ్మచ్చి ఆడినవాళ్ళకి, వేసవిలో ఒక డాబా మీద నుంచి పక్కింటి డాబా మీదికి దూకి తిట్లు తిన్నవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

సరే, ఇంత మంచి గేమ్‌కి ఏమైంది? లోపాలున్నాయి. పరుగు ఆపి పోలీసులతో కొట్లాడక తప్పని చోట్లున్నాయి. అక్కడ ఊపు చచ్చిపోతుంది. తుపాకీ లాక్కోవచ్చు గానీ, దాన్ని పట్టుకుంటే ఫెయిత్ బరువెక్కుతుంది. ఒక్కరి మీద కూడా కాల్పులు జరపకుండా గేమ్ పూర్తి చేస్తే ప్రత్యేకంగా ఒక అచీవ్‌మెంట్ పెట్టారంటే, గేమ్ తయారుచేసినవాళ్ళకే ఆ తుపాకీల మీద మనసు లేదన్నమాట. గేమ్ చిన్నది కూడా. అమ్మకాలు ఆశించినంత లేవు. స్టూడియో మళ్ళీ బాటిల్‌ఫీల్డ్‌లో మునిగిపోయింది. 2010లో ఐప్యాడ్ మీద పక్కవాటుగా పరిగెత్తే చిన్న గేమ్ ఒకటి వచ్చింది. ముచ్చటగానే ఉంది గానీ మా ఆకలి అది కాదు.

ఈలోపు ఆడేవాళ్ళు ఊరుకోలేదు. ఉన్న కొద్ది లెవెళ్ళనే వేలసార్లు పరిగెత్తారు. గాల్లో కాలు విసిరి, అదే క్షణంలో గెంతు నొక్కితే ఇంకో గెంతు దొరికే ట్రిక్కుని పట్టుకున్నారు. సెకన్లో పదో వంతు తగ్గించడానికి రాత్రిళ్ళు కూర్చున్నారు. ఒక గేమ్‌ని బతికించేది ఇలాంటివాళ్ళే.

[తెర మీద: 2013 ట్రైలర్ నుంచి ఒక దృశ్యం.]

2013 జూన్‌లో లాస్ ఏంజెలిస్‌లో ఈత్రీ అనే గేముల వేడుక. ఈ గేముల్ని విడుదల చేసే ఈఏ సంస్థ వేదిక మీద ఫెయిత్ మొహం కనపడగానే హాల్లో లేచిన అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. నేను చూసింది ల్యాప్‌టాప్‌లో, మన టైమ్ ప్రకారం అర్ధరాత్రి దాటాక. ఇంట్లోవాళ్ళు లేస్తారని నోరు మూసుకుని గెంతులేశాను. ఆ తర్వాత 2015 వరకు పేరు కూడా చెప్పలేదు. చెప్పాక 2016 ఫిబ్రవరి 23 అన్నారు. మే 24 అన్నారు. చివరికి జూన్ 7. వాయిదా పడినందుకు నాకు కోపం లేదు. పరుగులో ఒక్క కదలిక అతుకు ఊడినా గేమ్ మొత్తం ఊడుతుంది. ఇంకో రెండు వారాలు తీసుకుని ఆ అతుకు వేస్తారంటే వేయనివ్వండి.

ఇప్పుడు అసలు భయం, అసలు ఆశ. పాత గేమ్‌లో ప్రతి లెవెల్‌నీ చేత్తో చెక్కారు. ఈ గోడ నుంచి ఆ పైపు ఎంత దూరం, అంతకుముందు ఎంత ఊపు అందుతుంది, అన్నీ కొలిచి పెట్టారు. కేటలిస్ట్ ఓపెన్ వరల్డ్. గ్లాస్ అనే నగరం మొత్తం మనదే, ఎటు నుంచైనా ఎటైనా పరిగెత్తొచ్చు. ఎటు నుంచి వస్తారో తెలియనప్పుడు ఆ దూరాలు ఎలా కొలుస్తారు? ఒక్క దారి కాదు, వంద దారుల్లో ఊపు నిలవాలి. చేయలేనిదేం కాదు. నిరుడు జనవరిలో పోలండ్ నుంచి టెక్‌ల్యాండ్ వాళ్ళ డయింగ్ లైట్ అనే గేమ్ వచ్చింది. హరాన్ అనే నగరంలో రాత్రిపూట వెంటపడే జాంబీల నుంచి డాబాల మీద పారిపోతుంటే గుండె దడదడలాడింది. కానీ అక్కడ పరుగు ప్రాణభయంతో. ఫెయిత్ పరుగులో భయంతోపాటు ఆనందం ఉంటుంది. ఆ తేడా నాకు ముఖ్యం.

సంతోషపెట్టిన కబురు ఏంటంటే, ఈసారి ఫెయిత్ తుపాకీ ముట్టదు. పూర్తిగా తీసేశారు. కొట్లాట కూడా పరుగులో భాగంగానే ఉండాలని చూస్తున్నారు. సంగీతం మళ్ళీ సోలార్ ఫీల్డ్స్‌దే, అంటే మాగ్నస్ బిర్గెర్‌సన్. ఆ మేడల మీది గాలికి రాగం కట్టిన మనిషి ఆయనే.

బాధపెట్టింది ఏప్రిల్‌లో జరిగిన బీటా, అంటే విడుదలకి ముందు కొందరికి ఆడి చూడటానికిచ్చే పరీక్ష. నాకు ఆహ్వానం రాలేదు, వచ్చిన స్నేహితుడి పక్కన కూర్చుని చూశాను. ఇందాక చూపించాను చూడండి, గోడ మీద వెనక్కి తిరగడం, దూకి పల్టీ కొట్టడం. అలాంటి కదలికలకి ఇప్పుడు తాళం వేశారు. పాయింట్లు సంపాదించి తెరుచుకోవాలట. కొత్త ఆయుధం కోసం పాయింట్లు ఖర్చు పెట్టమంటే ఒప్పుకుంటాను. ఇది ఒంటికి వచ్చిన విద్య. పదేళ్ళు ఈత వచ్చినవాడిని చెరువు గట్టున నిలబెట్టి, ముందు టికెట్ కొని అప్పుడు చేతులాడించు అన్నట్టుంది. కొత్తగా వచ్చేవాళ్ళు ఒక్కొక్కటే నేర్చుకోవాలని పెట్టి ఉంటారు, ఆ ఆలోచన అర్థమవుతుంది. అయినా ఇది పొరపాటేనని నా నమ్మకం.

అదే బీటాలో మనసు నిలిపింది ఇంకొకటి. మావాడు మిషన్ వదిలేసి ఊరికే తిరుగుతున్నాడు. ఒక డాబా చివర గాజు పిట్టగోడ ఉంది, దాని మీద పొద్దు ఎండ పడుతోంది. దూరంగా ఒక క్రేన్ కనపడింది. "అక్కడికి వెళ్దాం రా" అన్నాడు. దారి తెలీదు. రెండుసార్లు పడ్డాడు. మూడోసారి ఒక ఏసీ డబ్బా మీద నుంచి గోడ వెంట నాలుగడుగులు పరిగెత్తి, జారి, అదే ఊపులో అవతలికి దూకాడు. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. అందింది. ఆ చేతులు అంచుని పట్టుకున్న చప్పుడు పాత గేమ్‌లో చప్పుడే.

[తెర మీద: గ్లాస్ నగరం, తెల్లవారుజాము.]

కాబట్టి జూన్ 7న నేను ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్తాను. ఇప్పుడు రన్నర్ విజన్ దారి పొడుగునా ఎర్రటి జాడ గీసి చూపిస్తోంది. దాన్ని ఆపేసే వీలుంది, ఆపేస్తాను. అప్పుడు ఎత్తైన మేడ ఒకటి ఎక్కి, కనపడే వాటిలో అన్నిటికన్నా దూరంగా ఉన్నదాన్ని ఎంచుకుంటాను.

మీ దగ్గర పాత గేమ్ ఉంటే ఈ వారం ఒక పని చేయండి. ఆప్షన్స్‌లో ఎరుపు ఆపేసి, మొదటి లెవెల్ ఒక్కటి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడండి. ఎక్కడ ఊపు పోయిందో, అక్కడ ఏ దారి పట్టారో కింద రాయండి. అన్నీ చదువుతాను.

[తెర నల్లగా. నాలుగు బరువైన అడుగులు. ఊపిరి జోరందుకుంటుంది.]