శత్రువుతో టీఎంసీల లెక్క: ఇజ్రాయెల్, జోర్డాన్, మధ్యలో ఒక చిన్న నది

నమస్కారం. 2023 నవంబరు 30 తెల్లవారేసరికి నాగార్జునసాగర్ ఆనకట్ట మీద కనిపించిన దృశ్యం మీకు గుర్తుండే ఉంటుంది. ఒకే దేశం, ఒకే భాష, ఒకే నది. అయినా రెండు రాష్ట్రాల పోలీసులు ముళ్లకంచెకు అటొకరు ఇటొకరు నిలబడ్డారు. నీళ్ల తగాదా అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పక్కరలేదు. అందుకే ఈ రోజు ఇజ్రాయెల్‌కూ దాని పొరుగున ఉన్న అరబ్బు దేశం జోర్డాన్‌కూ మధ్య నడిచిన కథను మనకు తెలిసిన కొలతలోనే, టీఎంసీల్లోనే చెబుతాను.

1994 అక్టోబరు 26న వాదీ అరబా అనే ఎడారి లోయలో ఈ రెండు దేశాలూ శాంతి ఒప్పందం చేసుకున్నాయి. ఇజ్రాయెల్ ప్రధాని యిత్జాక్ రాబిన్, జోర్డాన్ రాజు హుస్సేన్, వారి పక్కన అమెరికా అధ్యక్షుడు క్లింటన్. ఆ ఫొటో అందరూ చూశారు. దాని వెనుక నీటి అనుబంధాన్ని చదివినవాళ్లు తక్కువ. దాని అమలులో భాగంగా ఇజ్రాయెల్ ఏటా జోర్డాన్‌కు పంపుతున్న నీరు సుమారు 5 కోట్ల ఘనపు మీటర్లు. మన లెక్కలో రెండు టీఎంసీలు కూడా కాదు, 1.77. సాగర్ పూర్తి నిల్వ 312 టీఎంసీలు. అక్కడ ఏటా ఎండకు ఆవిరైపోయేదే ఇంతకన్నా ఎక్కువ! కానీ జోర్డాన్‌లో మనిషికి ఏడాదికి దొరికే నీరు వంద ఘనపు మీటర్ల లోపే. రాజధాని అమ్మాన్‌లో చాలా ఇళ్లకు కుళాయి నీరు వారానికి ఒకసారి వస్తుంది. మిగతా రోజులన్నీ మిద్దె మీది ట్యాంకే దిక్కు. అలాంటి చోట 1.77 అనేది చిన్న అంకె కాదు.

కొంచెం వెనక్కి వెళదాం. యార్మూక్ నది సిరియా వైపు నుంచి వచ్చి, ఇజ్రాయెల్‌లోని గలిలీ సరస్సుకు దిగువన జోర్డాన్ నదిలో కలుస్తుంది. ఈ నీళ్లను పంచమని 1953లో అమెరికా అధ్యక్షుడు ఐజన్‌హవర్ ఎరిక్ జాన్‌స్టన్ అనే దూతను పంపాడు. రెండేళ్లు తిరిగాడు. అరబ్బు, ఇజ్రాయెల్ రెండు వైపుల సాంకేతిక నిపుణులూ లెక్కలకు దాదాపుగా ఒప్పుకున్నారు. 1955లో అరబ్బు దేశాల కూటమి అరబ్ లీగ్ దగ్గర ఆగిపోయింది. సంతకం పెడితే ఇజ్రాయెల్ అనే దేశం ఉందని ఒప్పుకున్నట్టే కదా, అదీ భయం. ఆ తరువాత 1964లో ఇజ్రాయెల్ గలిలీ నీటిని దక్షిణానికి తరలించే పెద్ద కాలువను ప్రారంభించింది. పైనున్న ఉపనదులనే మళ్లిస్తామని అరబ్బు దేశాలు పనులు మొదలుపెట్టాయి. సిరియాలో ఆ పనుల మీద ఇజ్రాయెల్ దాడులు చేసింది. 1967 యుద్ధానికి ఇది ఒక్కటే కారణం అనను, కానీ ఆ యుద్ధంలో సిరియా గోలన్ గుట్టలతో పాటు, జోర్డాన్ నదికి నీరిచ్చే బనియాస్ ఊట కూడా ఇజ్రాయెల్ చేతికి వచ్చింది. 1969లో జోర్డాన్ రైతుల ప్రధాన కాలువ మీద కూడా బాంబులు పడ్డాయి.

నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఈ యుద్ధాలు కాదు. ఇదే కాలంలో, దౌత్య సంబంధాలు లేని ఈ రెండు దేశాల నీటి అధికారులు ఐక్యరాజ్యసమితి పరిశీలకుల నీడన నదుల సంగమం దగ్గర కలుసుకుంటూనే ఉన్నారు. వీటికి ‘పిక్నిక్ బల్ల చర్చలు’ అని పేరు. తూము ముందు ఇసుక మేట వేసింది, ఎవరు తీయాలి? ఈ వేసవిలో ఎవరికెంత? జాన్‌స్టన్ లెక్క మీద ఎవరూ సంతకం చేయలేదు, కానీ ఇద్దరూ చాలావరకు దాన్నే పాటించారు. మన నదీ యాజమాన్య బోర్డుల సమావేశాలు చూసినవాళ్లకు ఇది కొంచెం అసూయ కలిగించే సంగతే.

1994 ఒప్పందంలో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. అక్కడ వానలు శీతాకాలంలో పడతాయి. ఆ వరదను యార్మూక్ మీద ఆపుకునే జలాశయం అప్పట్లో జోర్డాన్‌కు లేదు. కాబట్టి శీతాకాలంలో 2 కోట్ల ఘనపు మీటర్లు ఇజ్రాయెల్ తీసుకుంటుంది, ఎండాకాలంలో తిరిగి ఇస్తుంది. మన ధాన్యాన్ని పొరుగువాడి గాదెలో పోసినట్టు. గాదె తాళం మాత్రం పొరుగువాడి దగ్గరే ఉంటుంది. 1999 కరువులో ఆ సంగతి తెలిసొచ్చింది. ఈసారి తగ్గించి ఇస్తామని ఇజ్రాయెల్ అంది. అమ్మాన్ మండిపడింది. చివరికి ఇజ్రాయెల్ వెనక్కి తగ్గింది.

ఆ సంగమం దగ్గరే బాకూరా ఉంది, ఇజ్రాయెలీలు నహరాయిమ్ అంటారు. జోర్డాన్ తన భూమిగా తిరిగి పొంది, ఇజ్రాయెల్ రైతులకు 25 ఏళ్ల వాడుకకు వదిలిన చోటు. ‘శాంతి ద్వీపం’ అని పిలిచేవారు. 1997 మార్చి 13న అక్కడికి విహారయాత్రకు వచ్చిన బడిపిల్లల మీద ఒక జోర్డాన్ సైనికుడు కాల్పులు జరిపాడు. ఏడుగురు ఆడపిల్లలు చనిపోయారు. మూడు రోజులకు రాజు హుస్సేన్ సరిహద్దు దాటి ఆ ఇళ్లకు వెళ్లి, తల్లిదండ్రుల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒక రాజు అలా కూర్చోవడం ఇజ్రాయెలీలను కదిలించింది. సొంత దేశంలో మాత్రం కొందరికి అది తలవంపుగా తోచింది. ఇరవై ఏళ్ల శిక్ష ముగించుకుని 2017లో ఆ సైనికుడు విడుదలైతే, వీరుడంటూ స్వాగతం పలికినవాళ్లూ ఉన్నారు.

ఇక్కడే ఈ శాంతి బలహీనత బయటపడుతుంది. జోర్డాన్ ప్రజల్లో పెద్ద భాగం పాలస్తీనా మూలాలున్నవాళ్లు. ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంకులో వాళ్ల బంధువులు తమ కాళ్ల కింది నీటికి కొత్త బోరు వేయాలన్నా ఇజ్రాయెల్ ఆమోదం కావాలి. 1995లో ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకులు అయిదేళ్ల కోసమని రాసుకున్న తాత్కాలిక ఏర్పాటే ఇంకా నడుస్తోంది. తన చిన్నాన్నకు లేని నీరు తనకు వస్తుంటే ఆ ఇచ్చేవాడిని ఎవరైనా మిత్రుడనుకుంటారా? నాకైతే అనుకోవాలనిపించదు. 25 ఏళ్లు నిండగానే, 2019 నవంబరులో, హుస్సేన్ కొడుకు రాజు అబ్దుల్లా బాకూరా భూమిని పూర్తిగా వెనక్కి తీసుకున్నాడు. వీధిలో చప్పట్లు మోగాయి.

2021లో దుబాయ్‌లో మరో ఆలోచన. జోర్డాన్ ఎడారి నుంచి 600 మెగావాట్ల సౌర విద్యుత్తు అటు, ఇజ్రాయెల్ సముద్రతీరంలో శుద్ధి చేసిన నీరు ఏటా ఏడు టీఎంసీలు ఇటు. అమ్మాన్‌లో నిరసనలు. గాజా యుద్ధం మొదలయ్యాక, సాగర్ ఆనకట్ట మీద మన పోలీసులు ఎదురెదురుగా నిలబడిన ఆ నవంబరులోనే, జోర్డాన్ విదేశాంగ మంత్రి ఐమన్ సఫది ఈ ఒప్పందం మీద సంతకం పెట్టబోమని తేల్చేశాడు. రాయబారిని అప్పటికే వెనక్కి పిలిపించారు. 1994 నాటి నీళ్లు మాత్రం ఆపమని జోర్డాన్ ప్రభుత్వం అడగలేదు. ఏమని అడుగుతారు? వారానికోసారి వచ్చే కుళాయి కోసం అమ్మాన్‌లో ఇంటింటా మిద్దె మీద ట్యాంకు ఎదురుచూస్తూ ఉంటుంది.