నలుగురు అంటే ఎవరు?

నమస్కారం. ఇవాళ మనం రోజూ వాడే ఒక చిన్న మాట గురించి మాట్లాడుకుందాం. నలుగురు. నలుగురిలో తలెత్తుకు తిరగాలంటాం. నలుగురూ ఏమనుకుంటారో అని వెనకాడతాం. ఏమీ తోచనప్పుడు నలుగురితో పాటు నారాయణ అంటాం. ఆ నలుగురి పేర్లు మాత్రం ఎవరూ చెప్పరు, అడగరు. ఒకప్పుడు వాళ్లు కళ్లెదుట తిరిగే మనుషులే. బంధువులు, ఇరుగుపొరుగువాళ్లు, కలిసి పనిచేసేవాళ్లు. పెళ్లి ఏ వయసులో, పిల్లలు ఎంతమంది, దేనికి సిగ్గుపడాలి, దేనికి మురిసిపోవాలి అన్న లెక్కలన్నీ వాళ్లను చూసే కుదిరేవి.

పత్రిక, రేడియో, టీవీ, ఫోను మనల్ని ఎలా మారుస్తాయి అని అడిగితే నేను చెప్పే జవాబు ఇది. అవి మన నలుగురిని మారుస్తాయి. తెర మీద ఎవరో ఒక అభిప్రాయం చెబితే కాదనవచ్చు, వాదించవచ్చు. కానీ లోకంలో అందరూ ఇలాగే ఉంటారన్న భావన నెమ్మదిగా మనసులో కుదురుకుంటే దానితో ఎవరు వాదిస్తారు? అది బయటి నుంచి వచ్చిందన్న సంగతే మనకు గుర్తుండదు.

ఫిజీ దీవుల్లో జరిగినది చెబుతాను. అక్కడ నాడ్రోగా అనే ప్రాంతానికి టీవీ 1995లో వచ్చింది. యాన్ బెకర్ అనే వైద్యురాలు, మానవశాస్త్రవేత్త కూడా, అంతకు కొన్నేళ్ల ముందు నుంచే అక్కడి జీవితాన్ని దగ్గరగా చూస్తున్నారు. నిండైన ఒళ్లు అక్కడ అందం. ఇంటివాళ్లు ఆ మనిషిని బాగా చూసుకుంటున్నారనడానికి గుర్తు కూడా. ఎవరైనా చిక్కిపోతే చుట్టూ ఉన్నవాళ్లు కంగారుపడేవారు. ఆకలి మందగించడాన్ని ఒక జబ్బుగానే చూసి మూలికల మందు తాగించేవారు. అలాంటి చోట కావాలని ఒళ్లు తగ్గించుకోవడం ఎంత వింతగా తోచి ఉంటుందో ఆలోచించండి.

టీవీ వచ్చిన కొన్ని వారాలకే బెకర్ 63 మంది విద్యార్థినులను తిండి గురించి, ఒంటి తీరు గురించి ప్రశ్నలు అడిగారు. మూడేళ్ల తర్వాత, 1998లో, అదే ఈడు అమ్మాయిలను మరో 65 మందిని అడిగారు. తిండి విషయంలో ఆందోళన కలిగించే ధోరణి మొదటిసారి 12.7 శాతం మందిలో కనిపించింది. రెండోసారి 29.2 శాతం మందిలో. మేము మరీ లావుగా ఉన్నామని ఎప్పుడో ఒకప్పుడు అనిపిస్తోందని ఆ రెండో జట్టులో 74 శాతం మంది చెప్పారు. చిన్న పరిశీలనే, కాదనను. మూడేళ్లలో మారింది టీవీ ఒక్కటే అని కూడా అనలేం. అయినా ఆ అమ్మాయిల మాటలు నన్ను వదలలేదు. తెర మీది సన్నటి స్త్రీలు మంచి ఉద్యోగాల్లో ఉన్నారని, తామూ అలా తయారైతే ఆ బతుకు తమకూ అందుతుందని కొందరు వివరించారు. వాళ్లను వెర్రి అనుకరణ చేసేవాళ్లుగా చూడటం నాకు ఏమాత్రం నచ్చదు. ఊరు దాటి ఒక కొత్త లోకం ఎదురుగా నిలబడింది. అందులో నిలదొక్కుకోవడానికి ఏం కావాలో ఆ పిల్లలు శ్రద్ధగా చదువుకున్నారు. చేతికి దొరికిన పుస్తకం ఆ తెర ఒక్కటే.

ఇదే శక్తి ఇంకోచోట ఇంకోలా పనిచేసింది. బ్రెజిల్‌లో 1960లో ఒక్కో స్త్రీకి సగటున 6.3 మంది పిల్లలు. 2000 నాటికి అది 2.3. ప్రభుత్వం అక్కడ జనాభా నియంత్రణ పథకాన్ని నడపలేదు. చదువు, పట్టణాలు, వైద్యం, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. వాటి మధ్య ముగ్గురు ఆర్థికవేత్తలు ఒక విచిత్రమైన దారాన్ని పట్టుకున్నారు. ఆ దేశంలో గ్లోబో అనే టీవీ సంస్థ ధారావాహికలంటే జనానికి ప్రాణం. 1965 నుంచి 1999 వరకు వచ్చిన ఆ కథల్లో 50 ఏళ్ల లోపు ముఖ్య స్త్రీ పాత్రలను లెక్కపెడితే 72 శాతం మందికి పిల్లలే లేరు, 21 శాతం మందికి ఒక్కరే. బయట ఇళ్లలో ఐదారుగురు పిల్లలు, తెర మీది ఇంట్లో ఒక్కరు, లేదా అసలు లేరు. ఈ ముగ్గురూ గ్లోబో ప్రసారం ఏ ప్రాంతానికి ఏ ఏడాది చేరిందో చూశారు. చేరిన చోట కాన్పులు కొంత తగ్గాయి. పేద ఇళ్లలో ఆ తగ్గుదల ఎక్కువ. ఎక్కువగా విదేశీ కార్యక్రమాలు వేసే మరో టీవీ సంస్థ చేరిన చోట అలాంటి మార్పు కనిపించలేదు. తమలాంటి మనుషులు, తమ భాష, తమ వీధులు కనిపించిన కథే పనిచేసింది. పుట్టిన పిల్లలకు ఆ పాత్రల పేర్లు కూడా పెట్టుకున్నారు.

పిల్లల్ని తక్కువ కనమని అక్కడ ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ ఇల్లు రోజూ రాత్రి కనిపించింది, అంతే. పోట్లాటలు, ప్రేమలు, కన్నీళ్లు అన్నీ చిన్న కుటుంబంలోనే జరిగాయి. అలా నెలల తరబడి చూశాక ఆ ఇల్లు పక్కింటి కంటే దగ్గరిదైపోతుంది.

వార్తల్లో ఇది ఇంకాస్త వేగంగా జరుగుతుంది. ఏ వార్తా ఛానలైనా ఒక అరగంట చూడండి. ఎక్కడో ఒక వీధిలో ఇద్దరు కొట్టుకున్నారు. దొరికిన దృశ్యం పది సెకన్లు. దాని మీద ఎర్రటి వలయం, ఒక బాణం గుర్తు, కింద పరుగెత్తే అక్షరాలు. ఆ పది సెకన్లే మళ్లీ మళ్లీ వేస్తారు. చూస్తున్న కంటికి జరిగిన దెబ్బలాట ఒకటే అయినా, లెక్కపెట్టే మనసుకు అది ఇరవై అవుతుంది. అమెరికాలో జార్జ్ గెర్బ్నర్ అనే మాధ్యమాల పరిశోధకుడు 1960ల చివరి నుంచి దీని మీదే పనిచేశారు. టీవీ బాగా ఎక్కువగా చూసేవాళ్లు తమకు హాని జరిగే అవకాశాన్ని ఉన్నదానికంటే పెద్దదిగా ఊహించుకుంటారని ఆయన వాదన. వాళ్లు ఎలాంటి వీధుల్లో ఉంటున్నారో కూడా లెక్కలోకి తీసుకోవాలని తర్వాత వచ్చినవాళ్లు విమర్శించారు. ఆ విమర్శలో న్యాయం ఉంది. అయినా, తలుపు గడియ రెండోసారి చూసుకునే చేయి ఎక్కడ నేర్చుకుందన్న ప్రశ్న నాకు మిగిలే ఉంది.

ఇక్కడ ఒక మాట అడగాలి. ప్రేక్షకులు అంత అమాయకులా? కాదు. దానికి నా దగ్గర ఒక సాక్ష్యం ఉంది. 1938 అక్టోబర్ 30న అమెరికా రేడియోలో ఆర్సన్ వెల్స్ బృందం ఒక నాటకం వేసింది. అంగారకుడి నుంచి ప్రాణులు దిగి దాడి చేస్తున్నట్టు, వార్తల పద్ధతిలో. మర్నాడు పత్రికలు దేశమంతా భయంతో అల్లాడిందని రాశాయి. ఆ కథ దశాబ్దాల పాటు పాఠాల్లోకి ఎక్కింది. అదే రాత్రి ఒక సర్వే సంస్థ 5,000 ఇళ్లకు ఫోను చేసి ఏం వింటున్నారని అడిగింది. ఆ నాటకం వింటున్నామన్నవారు సుమారు 2 శాతం. బెదిరినవాళ్లు ఉన్నారు, పోలీసులకు ఫోన్లు చేసినవాళ్లూ ఉన్నారు. కానీ దేశమంతా మాత్రం కాదు. ఆ రోజుల్లో రేడియో పత్రికల ప్రకటనల ఆదాయాన్ని లాక్కుంటోందని గుర్తుంచుకోండి. కొద్దిమంది భయాన్ని అందరి భయంగా అచ్చు వేసింది ఆ పత్రికలే. ఆ "అందరూ" ఇప్పటికీ చెదరలేదు.

ఇక ఫోను. టీవీ ఉన్నప్పుడు కనీసం అందరి తెర ఒకటి. నిన్న రాత్రి ఏం చూశావంటే ఇద్దరూ ఒకే కథ చెప్పుకునేవారు. ఇప్పుడు ఏ దృశ్యం దగ్గర మన వేలు ఎంతసేపు ఆగిందో కొలిచి, అలాంటివే మరికొన్ని వరసగా తెచ్చి పెడుతుంది ఆ యంత్రం. ఒకే గదిలో కూర్చున్న అన్నకు, చెల్లెలికి లోకంలో "అందరూ" వేరువేరు. అన్న లోకంలో అందరూ కండలు పెంచుతున్నారు. చెల్లెలి లోకంలో అందరూ ముఖం తెల్లగా మెరిపించుకుంటున్నారు. తప్పంతా యంత్రానిదే అనడానికి కూడా లేదు. 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన వార్తలను పరిశీలించిన ఒక అధ్యయనం 2018లో వచ్చింది. నిజం కంటే అబద్ధాన్ని జనం పంచుకునే అవకాశం 70 శాతం ఎక్కువని అందులో తేలింది. దానికి కారణం మనిషి లేకుండా తమంతట తామే నడిచే యంత్ర ఖాతాలు కావు, మనుషులే.

చూడటం మానేస్తే సరిపోతుంది కదా అని చాలామంది నాతో అంటుంటారు. మళ్లీ ఫిజీకే వెళ్లాలి. బెకర్ బృందం 2011లో మరో పరిశీలన ప్రచురించింది. ఈసారి 523 మంది అమ్మాయిలు. తానెంత చూస్తోందన్నదే కాక, తన స్నేహితురాళ్లు ఎంత చూస్తున్నారన్నది కూడా విడిగా లెక్కగట్టారు. స్నేహితురాళ్లు చూసే ప్రసారాలకు, తిండి విషయంలో ఆ అమ్మాయికి ఉన్న ఆందోళనకర ధోరణికి మధ్య సంబంధం కనిపించింది, తన ఇంట్లో ఆమె ఏం చూస్తోందన్నదానితో నిమిత్తం లేకుండా.

నాకు ఆ అమ్మాయి కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. వాళ్లింట్లో టీవీ లేదు. బడిలో పక్కనే కూర్చున్న స్నేహితురాలు రాత్రి చూసిన కథ చెబుతోంది. నాయిక ఏం వేసుకుందో, ఎంత సన్నగా ఉందో చేతులతో చూపిస్తోంది. ఈ అమ్మాయి వింటూ, తెలియకుండానే తన నడుము వైపు చూసుకుంటోంది.